నేను కొన్న జాకీ రాబిన్సన్ బేస్‌బాల్ కార్డు అసలుదేనా? సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పద్మారావునగర్, సికింద్రాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్లుగా తపాలా బిళ్లలు సేకరిస్తున్నాను. 1911లో ఇంగ్లాండులో పర్యటించిన భారత క్రికెట్ జట్టులో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూకు, అంతకుముందు పూణేలో మైదానం బయట మట్టి ముంతలో టీ పోసేవారని చదివిన నాటినుంచి, ఆటల్లో ఇలాంటి గోడలు మరెక్కడ ఎలా కూలాయో తెలుసుకోవాలనే పట్టుదల కలిగింది. అలా 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున బరిలో దిగి, అరవై ఏళ్లకు పైగా నల్లజాతి ఆటగాడినే ఎరుగని మేజర్ లీగుల (అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి పోటీలు) తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ దగ్గరికి చేరాను.

గత నెల ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర ఆటగాళ్ల బొమ్మలతో సేకరణ కార్డులు అచ్చువేసే టాప్స్ కంపెనీది, 1952 నాటి రాబిన్సన్ కార్డు, 312వ నంబరుది, కొన్నాను. చేతికి అందాక స్కేలు పెట్టి చూస్తే పొడవు సరిగ్గా మూడున్నర అంగుళాలు ఉంది. వెనకవైపు ఒకచోట కాగితం పొర లేచిపోయి, వేలితో తడిమితే గరుకుగా తగులుతోంది. ఇది అసలుదేనా? కాకపోతే, పెన్షను మీద బతికే నావంటివాడు ఈ చరిత్రను నిజమైన కార్డులతో కూర్చుకునే దారి ఏదైనా ఉందా?

మొదటి సమాధానం

మీ కార్డు అసలుది కాదండీ. ఈ మాట చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. 1952 టాప్స్ కార్డు పొడవు 3.75 అంగుళాలు, వెడల్పు 2.625 అంగుళాలు. 1983లో అదే కంపెనీ ఆ ఏడాది కార్డుల వరుసను (సెట్టును) మళ్లీ అచ్చువేసినప్పుడు కొలతను 2.5, 3.5 అంగుళాలకు తగ్గించి, ఇది పునర్ముద్రణ అని వెనకవైపు స్పష్టంగా ముద్రించింది. మీ వేలికి తగిలిన గరుకు ఆ అక్షరాలను ఎవరో గీకేసిన చోటే అయి ఉంటుంది. స్కేలు పక్కన పెట్టి రెండువైపులా ఫోటోలు తీసి, మీరు డబ్బు చెల్లించిన బ్యాంకుకు ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయండి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. 311 నుంచి 407 వరకు నంబర్లున్న కార్డులు 1952 సీజను చివర్లో వచ్చి అమ్ముడుపోలేదు. మిగిలిన పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామని ఆ సెట్టును రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అంత అరుదైన కార్డు చవకగా దొరికిందంటే అక్కడే అనుమానించాలి.

రెండో సమాధానం

రాబిన్సన్ ఒక్కరి చుట్టూ తిరగకండి అన్నది నా సలహా. ఒక్క తలుపు తెరుచుకోగానే గోడంతా కూలిపోలేదు. అప్పుడున్న పదహారు జట్లలో చివరిది నల్లజాతి ఆటగాడిని దించడానికి పన్నెండేళ్లు పట్టింది. ఏ జట్టులో ఎవరు ముందు అడుగుపెట్టారో ఆ వరుసలో కార్డులు పేర్చితే, ఒక్క ఖరీదైన కార్డు చెప్పలేని కథను ఆ వరుసే చెబుతుంది.

లారీ డోబీని తీసుకోండి. రాబిన్సన్ వచ్చి మూడు నెలలైనా నిండకముందే, 1947 జులై 5న, క్లీవ్‌లాండ్ తరఫున, రెండు మేజర్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడయ్యారు. రాబిన్సన్ పడిన అవమానాలన్నీ ఆయనా పడ్డారు, కానీ మేటి ఆటగాళ్లకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం రాబిన్సన్‌కు 1962లో దక్కితే ఆయనకు 1998లో గానీ దక్కలేదు. డోబీ లేని సేకరణ నా దృష్టిలో అసంపూర్ణమే. మూలలు అరిగిన 1950ల నాటి ఆయన కార్డులు రాబిన్సన్ కార్డు ధరలో చిన్న వంతుకే వస్తాయి.

తరువాత షికాగో వైట్ సాక్స్‌లో 1951లో చేరిన క్యూబా ఆటగాడు మినీ మినోసో, 1955లో న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన ఎల్‌స్టన్ హోవార్డ్ వస్తారు. హోవార్డ్‌ది బౌమన్ అనే మరో కంపెనీ 1955 కార్డు వెతకండి. చెక్క చట్రంలో బిగించిన టీవీ తెరమీద ఆయన కనిపిస్తున్నట్టు అచ్చువేశారు.

వరుసలో చివరివారు పంప్సీ గ్రీన్. బోస్టన్ రెడ్ సాక్స్ ఆయనను దించింది 1959 జులై 21న. అప్పటికి రాబిన్సన్ ఆట విరమించి మూడో ఏడు నడుస్తోంది. గ్రీన్ తొలి కార్డు 1960 టాప్స్‌లో 317వ నంబరు. మీరు దానితోనే మొదలుపెట్టండి, ధర మీకు అందుబాటులోనే ఉంటుంది.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. బ్యాంకుకు ఈరోజే రాశాను. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యగారి అబ్బాయిని పంప్సీ గ్రీన్ బేస్‌బాల్ కార్డు కొని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెమ్మని అడుగుతాను. మన వానాకాలంలో వీటిని ఎలా దాచాలో కూడా చెప్పగలరా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ముందుగా మెత్తని పలచటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఆ పైన గట్టి ప్లాస్టిక్ హోల్డరులో ఉంచండి. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో పాటు పెట్టి, జులై నుంచి సెప్టెంబరు వరకు నెలకొకసారి ఆ పొట్లాలు మార్చండి. బయటి గోడకు ఆనించిన బీరువాలో మాత్రం పెట్టవద్దు. చెమ్మ ముందు అక్కడికే చేరుతుంది. పాత సర్టిఫికెట్లకు చేయించినట్టు వీటికి ఎట్టి పరిస్థితుల్లోనూ లామినేషన్ చేయించకండి. ఆ వేడికి అతుక్కున్న పొరను మళ్లీ తీయలేము, కార్డు విలువా మిగలదు.