"నడువు" అంటే చాలు, మా అమ్మాయి అన్నం మానేస్తోంది

గుంటూరు అమ్మ:
మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. ఈ ఏడాదిలో బాగా ఒళ్ళు చేసింది. పొద్దున్నే "లేచి కాస్త నడువు, కొవ్వు కరుగుతుంది" అంటే దుప్పటి ముసుగేస్తుంది. నిన్న గట్టిగా అంటే అన్నం మానేసి, రాత్రి పదింటికి చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసింది. మా ఆయనేమో "వదిలెయ్, అదే తగ్గుతుంది" అంటారు. అసలు మనం చెబితే పిల్లల బరువు తగ్గుతుందా?

సీతమ్మధార:
థైరాయిడ్ చూపించారా? నెలసరి సరిగ్గా వస్తోందా? ముందు అది చూసుకోండి.

రిటైర్డ్ పీఈటీ:
అమ్మా, జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేశాను. ఆటంటే ఇష్టంలేని ఆడపిల్లలు నాకు తగిలింది తక్కువే. పెద్దమనిషయ్యాక "ఇంకా ఆ గంతులేమిటే" అని ఇంట్లో మాన్పించినవాళ్ళే ఎక్కువ. పదో తరగతికొస్తే ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి పాలు. అన్నాళ్ళు కూర్చోబెట్టి, ఒళ్ళొచ్చాక నడవమంటే ఎవరికి మనసొప్పుతుంది?

మీ మాటలో పిల్లకి నడక వినపడదు, కొవ్వే వినపడుతుంది. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు 2013లో ఇదే రాశారు. పిల్లల బరువు గురించి మాట్లాడే ఇళ్ళలో పూటలు ఎగ్గొట్టడంలాంటివి ఎక్కువట. మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడే ఇళ్ళలో తక్కువట.

పొద్దున్న నడక వదిలెయ్యండి. సాయంత్రం డాబా మీద బట్టలారేసే తాడే నెట్టనుకోండి. షటిల్ బ్యాట్లు రెండు తెచ్చి మీరూ దిగండి. కుచ్చిళ్ళు దోపుకుని అమ్మ ఓడిపోతుంటే ఏ పిల్లకైనా హుషారే.

లెక్కల పిచ్చి:
మాస్టారూ, చిన్న మాట. ఒళ్ళున్న పిల్లలకే పెద్దవాళ్ళు ఎక్కువ చెబుతారు కదా. అందుకని సర్వేల్లో "వ్యాయామం చెయ్యమనే ఇళ్ళలోనే పిల్లలు లావు" అని తేలినా ఆశ్చర్యం లేదు. చెప్పడం వల్లే లావయ్యారని దానర్థం కాదు.

గుంటూరు అమ్మ:
ట్యూషన్ నుంచి వచ్చేసరికే ఏడు దాటుతుందండీ. ఆడితే కేజీలు దిగుతాయా మరి?

రిటైర్డ్ పీఈటీ:
ఆట ఒక్కదానితో దిగుతాయని నేను చెప్పనమ్మా. తిండీ నిద్రా ఉన్నాయి, వంశం కూడా ఉంది. పిల్లల డాక్టరు దగ్గర ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళ 2015 చార్టు ఉంటుంది. అందులో వయసునిబట్టి గీతలుంటాయి, అవి చూసి చెప్పమనండి. ఫోన్లో పెద్దవాళ్ళ బీఎంఐ, అదే ఎత్తుకీ బరువుకీ వేసే లెక్క, వేసి బెంగపడకండి. డబ్ల్యూహెచ్‌ఓ ఈ వయసువాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాల కదలిక కావాలంటుంది, ఒక్క దెబ్బకే అని కాదు. ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్ళొస్తే కొంత అక్కడే తీరిపోతుంది. డాబా మీద లైటు పెట్టించండి. కాక్ మాత్రం ప్లాస్టిక్‌ది తీసుకోండి, ఈకలది గాలికి పక్కింట్లో పడుతుంది.