గోదాములోని బియ్యాన్ని ఇథనాల్‌గా మార్చడం గిట్టుబాటేనా?

తార్నాక సభ్యుడు: పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2022లో, 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. భారత ఆహార సంస్థ గోదాముల్లో మిగిలిన బియ్యాన్ని ఇందుకు ఇవ్వడం మంచిదేనని నా అభిప్రాయం. చమురు దిగుమతి తగ్గుతుంది, బియ్యమూ ముక్కిపోదు. కాదనేవారు లెక్కతో చెప్పాలి.

ఉప్పల్ సభ్యురాలు: లెక్కతోనే మొదలుపెడతానండీ. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2025 జనవరిలో డిస్టిలరీలకు నిర్ణయించిన ధర క్వింటాలుకు 2,250 రూపాయలు గనుక, లీటరుకు ముడిసరుకే 50 రూపాయలవుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి, లీటరు పెట్రోలుకు సమానమైన శక్తి కావాలంటే, ఆవిరి, కరెంటు, కూలి ఇంకా కలపకుండానే, 75 రూపాయల బియ్యం కావాలి. పైగా ఆ 2,250 అసలు ఖర్చు కాదు. సేకరణ, మిల్లింగు, నిల్వ, రవాణా కలిపితే సంస్థకు పడేది అంతకంటే చాలా ఎక్కువ, ఆ తేడా ప్రజాధనమే. మా ఊరి పొలంలో బోరు ఏటేటా లోతుకు పోవడం కళ్లారా చూసినదాన్ని. వరికి తోడిన ఆ నీరు ఏ లీటరు ధరలోనూ కనబడదు.

తార్నాక సభ్యుడు: మిగిలిన పిప్పిని దాణాగా అమ్ముకుంటారు. ఆ రాబడిని మీరు వదిలేశారు.

ఉప్పల్ సభ్యురాలు: నిజమే, అది కలపాలి. అయితే ఆ దాణా విరివిగా వచ్చేకొద్దీ దాణాగా వాడే సోయా చెక్క ధర పడి, ఆ నష్టం సోయా రైతు మీదికి మళ్లుతోంది. ఇంకొక మాట: గ్లూకోజ్ పులిసి ఇథనాల్ అయ్యేటప్పుడు దాదాపు సగం బరువు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, అదే లాక్టిక్ ఆమ్లమైతే సిద్ధాంతరీత్యా బరువంతా నిలుస్తుంది. అందువల్ల పిండి పదార్థాన్ని కాల్చేయడం కంటే లాక్టిక్ ఆమ్లంగా, అంటే ప్లాస్టిక్కు ముడిపదార్థంగా మార్చడమే నాకు సబబుగా తోస్తుంది. పులిసిన పలుచని ద్రావణం నుంచి ఆమ్లాన్ని శుద్ధి చేసే ఖర్చు మాత్రం పెద్ద అడ్డంకే. ఇంధనమే కావాలంటే మన హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్‌ను చూడండి. భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో అక్కడ కట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు ఇచ్చేలా రూపొందింది. దిగుబడి చిన్నదే కావచ్చు, కానీ అక్కడ ముడిసరుకు కొనక్కర్లేదు, ఆ చెత్తను డంపింగ్ యార్డుకు తరలించే ఖర్చూ తప్పుతుంది.