స్పీడోమీటరు క్యాలిబ్రేషన్: జీపీఎస్‌తోనా, టేపుతోనా?

కోవెంట్రీ_కమ్మరి
ఇంగ్లాండులో ఉంటున్నాను. రెండున్నరేళ్లుగా ఇంటి గరాజులో ఒక కిట్ కారు (విడిభాగాలు తెచ్చుకుని మనమే బిగించుకునే కారు) కట్టుకుంటున్నాను. గొట్టాల చాసిస్, రెండే సీట్లు, పైకప్పు లేదు. వెనక డిఫరెన్షియల్ (ఇంజను నుంచి వచ్చే తిప్పుడును వెనక చక్రాలకు పంచే గేర్లపెట్టె) పాత ఫోర్డ్ సియెరాది, నిష్పత్తి 3.92, అంటే దానికి తగిలించిన ప్రొపెల్లర్ షాఫ్టు 3.92 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఆ షాఫ్టు చివరి బిళ్లకు (ఫ్లాంజికి) ఉన్న నాలుగు బోల్టుల తలలను ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహం దగ్గరికి వస్తే పసిగట్టేది) లెక్కపెడుతుంది, తలకొక పల్సు. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే 15.68 పల్సులు. టైరు 185/60 ఆర్14. టైరు పక్కన రాసి ఉన్న కొలత ప్రకారం చుట్టుకొలత 1.815 మీటర్లు వచ్చింది. ఆ లెక్కన కిలోమీటరుకు 8639 పల్సులని డిజిటల్ మీటరులో పెట్టాను.

రిజిస్ట్రేషన్ కాలేదు కనుక రోడ్డెక్కడానికి లేదు. వాడకంలో లేని ఒక విమానాశ్రయపు రన్‌వే మీద, అనుమతి తీసుకుని నడిపాను. ఫోనులో జీపీఎస్ 60 మైళ్లు చూపిస్తుంటే మీటరు 62 చూపిస్తోంది. వచ్చే నెల ఐవీఏ పరీక్ష ఉంది (ఇలా సొంతంగా కట్టిన బండ్లను ఒక్కొక్కటిగా చూసి ఆమోదించే పరీక్ష). జీపీఎస్‌కు సరిపోయేలా మార్చేయమంటారా?

ఉపగ్రహం
మార్చేయండి, ఇందులో ఆలోచించేది ఏముంది? ఆకాశం తెరిపిగా ఉండి, వేగం నిలకడగా ఉంటే జీపీఎస్‌ను మించిన సాక్షి లేదు. అది వేగాన్ని ప్రధానంగా డాప్లర్ మార్పు (కదలిక వల్ల ఉపగ్రహ సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే తేడా) నుంచి లెక్కిస్తుంది. టైరులో గాలి ఎంత, అరుగుదల ఎంత అన్న గొడవ దానికి లేదు. 8639ని 62తో హెచ్చవేసి 60తో భాగిస్తే 8927. పెట్టేసి పరీక్షకు వెళ్లండి.

కొలతలరాయుడు
ఆగండి. జీపీఎస్ మీద నాకు కోపం లేదు, పూర్ణాంకాల మీద ఉంది. ఫోను 60 అంటే అసలు వేగం 59.5 నుంచి 60.5 వరకు ఏదైనా కావచ్చు. మీటరు 62 అన్నా అంతే. రెంటినీ కలిపి చూస్తే తేడా ఒకటిన్నర శాతానికి కాస్త పైన ఉండవచ్చు, ఐదు శాతం దాకా కూడా ఉండవచ్చు. అంత వదులు లెక్క నుంచి 8927 అని నాలుగంకెల సంఖ్య తీయడం నాకు నచ్చదు.

కమ్మరి గారూ, తప్పు మొదట్లోనే జరిగింది. టైరు మీద రాసిన కొలత బరువు పడని టైరుది. బండి బరువుకు టైరు కింద అణుగుతుంది, చుట్టుకు వెళ్లే దూరం తగ్గుతుంది. గాలి సరిచూసుకోండి. మీరు సీట్లో కూర్చోండి, మీది తేలిక బండి కనుక మీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. వెనక టైరు మీద, దాని కింద నేల మీద సుద్దముక్కతో గీత గీసి, సరిగ్గా పది చుట్లు తోయించి టేపుతో కొలవండి. పదిహేడు మీటర్ల పైచిలుకు దూరంలో ఒక సెంటీమీటరు తప్పినా 0.06 శాతం కూడా కాదు.

ఉపగ్రహం
నలుగురు తోస్తే కదిలే బండిలో టైరు ఒక రకం, 70 మైళ్ల దగ్గర వేడెక్కిన టైరు ఒక రకం. ఇంటి ముందు కొలిచిన కొలత ఇంటి ముందే పనికొస్తుంది.

కొలతలరాయుడు
ఆ తేడా ఉంది, కాదనను. కానీ మీ పూర్ణాంకాల తేడా కన్నా చిన్నది. టేపుతో పెట్టి, జీపీఎస్‌తో సరిచూసుకోమంటాను. మీరు తిరగేసి చెబుతున్నారు.

బెజవాడ_జీపు
మీ ఇద్దరి పోట్లాటలో అసలు సంగతి పక్కకు పోయింది. నా జీపుకు ఆటోనగర్‌లో 215/75 ఆర్15 టైర్లు తీసేసి, వాటికన్నా పెద్దవి, 235/75 వేయించాను. చూడటానికి బాగుంది. మీటరు మాత్రం 60 అంటుంటే బండి 62న్నర పోతోంది. తప్పు ఎంత అన్నదానికన్నా ఎటువైపు అన్నది ముఖ్యం. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. ఎక్కువైతే పది శాతం, ఆపైన గంటకు 4 కి.మీ. వరకు సరే. మీ ఐవీఏలో ఎలా?

కోవెంట్రీ_కమ్మరి
అక్కడా తక్కువ చూపించకూడదు. ఎక్కువైతే పది శాతం, దాని మీద 6.25 మైళ్లు.

బెజవాడ_జీపు
అయితే 62 చూపించే మీటరుకు వచ్చిన రోగం ఏమిటి? ఒక్క మాట చెప్పండి, టైర్లు కొత్తవేనా?

కోవెంట్రీ_కమ్మరి
కావు, సెకండ్ హ్యాండ్. నాలుగు మిల్లీమీటర్ల గాడి మిగిలింది.

బెజవాడ_జీపు
అదే భయపడ్డాను. కొత్త టైరుకు గాడి ఎనిమిది దాకా ఉంటుంది. అంటే వ్యాసం ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, దాదాపు 1.4 శాతం. ఇప్పుడు కచ్చితంగా సరిపెడితే కొత్త టైర్లు వేసిన రోజే మీ మీటరు తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. మూడు శాతం మిగులు ఉంచుకోండి.

పల్సు_పద్మ
నేను ఒప్పుకోను. ఇలాంటి మీటర్లలో వేగానికీ ఓడోమీటరుకూ (తిరిగిన దూరం చూపేదానికీ) ఒకటే సంఖ్య. వేగాన్ని మూడు శాతం పెంచితే దూరమూ మూడు శాతం పెరుగుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 1030 అని రాసుకుంటుంది. మైలేజీ లెక్క తప్పు, రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి చెప్పే లెక్కా తప్పు. టైర్లు మార్చినప్పుడు మళ్లీ సరిచేసుకోవడానికి ఎంత సేపు పడుతుంది?

మరో సంగతి. ఈ గొడవ చూసి సెన్సర్ పీకేసి జీపీఎస్ స్పీడోమీటరే పెట్టేద్దామని మాత్రం అనుకోకండి. రోలర్ల మీద పరీక్షిస్తే చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు, అది సున్నా చూపిస్తుంది.

బెజవాడ_జీపు
పద్మ గారూ, పోలీసులు ఆపినప్పుడు ఓడోమీటరు చూడరండీ.

కోవెంట్రీ_కమ్మరి
రెండు శనివారాల తరువాత రాస్తున్నాను. పది చుట్లకు 17.60 మీటర్లు వచ్చింది, మూడుసార్లు కొలిచాను. కిలోమీటరుకు 8909 పల్సులు. రాయుడు గారి మాట మీద అది పెట్టి రన్‌వే మీదకు వెళితే మీటరూ జీపీఎస్సూ రెండూ 60 అన్నాయి. ఉపగ్రహం గారి 8927 కూడా మరీ దూరం కాదని ఒప్పుకోవాలి.

పద్మ గారు మన్నించాలి, పరీక్ష దగ్గర పడింది కనుక మూడు శాతం మిగులుకే మొగ్గాను. ఎక్కువ చూపించాలంటే సంఖ్య పెంచాలనుకుని 9176 పెడితే మీటరు 58కి పడిపోయింది. ఎందుకో తెలియడానికి అర గంట పట్టింది. కిలోమీటరుకు ఎక్కువ పల్సులు కావాలని చెబితే అది తక్కువ దూరమే లెక్కిస్తుంది కదా! తగ్గించి 8650 పెట్టాను. మొదట నేను పెట్టింది 8639. జీపీఎస్ 60 అంటుంటే మీటరు మళ్లీ 62 అంటోంది.