ఎస్‌ఎస్‌ఎల్‌వీ చేతులు మారింది. చిన్న రాకెట్ల పని ఇస్రో పూర్తిగా వదిలేయాలా?

తూర్పుగాలి (చర్చ మొదలుపెట్టినది)

విషయం కొత్తగా వింటున్నవాళ్ల కోసం ముందు క్లుప్తంగా. ఎస్‌ఎస్‌ఎల్‌వీ అంటే ఇస్రో తయారుచేసిన చిన్న రాకెట్టు. 500 కిలోల దాకా బరువును 500 కిలోమీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. 2022 ఆగస్టులో మొదటిసారి ఎగిరినప్పుడు ఫెయిలైంది. 2023 ఫిబ్రవరిలో, 2024 ఆగస్టులో సక్సెస్. 2025 జూన్‌లో దాని టెక్నాలజీని వేలంలో 511 కోట్లకు విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ దక్కించుకుంది. రెండేళ్లపాటు ఇస్రో వాళ్లు పక్కనుండి నేర్పుతారు. ఆ తర్వాత తయారీ, అమ్మకం, ప్రయోగం అన్నీ హెచ్‌ఏఎల్‌వే.

నా మాట సూటిగా చెప్తాను. వదిలేయాలి, పూర్తిగా. ఇస్రో పాత రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది 1993లో. ముప్పై ఏళ్లు దాటినా అదే రాకెట్టును మళ్లీ మళ్లీ బిగించడానికి మన మంచి ఇంజినీర్లలో ఎంతోమందిని కట్టిపడేస్తున్నాం. ఇంకోపక్క 2024 నవంబరులో మన 4,700 కిలోల ఉపగ్రహం జీశాట్-20ని అమెరికా మోసుకెళ్లి స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్-9 ఎక్కించాల్సి వచ్చింది. అంత బరువును ఆ కక్ష్యకు మోసే రాకెట్టు మన దగ్గర లేదు. ఇస్రో వాళ్లు కూర్చోవాల్సింది ఆ లోటు దగ్గర, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ దగ్గర. పని వచ్చిన మేస్త్రీ చిన్న గోడలు చేతికింద కుర్రాళ్లకు అప్పజెప్పి తను పెద్ద కట్టడం ఎత్తుకుంటాడు. ఇదీ అంతే.

సర్కారు బడి

మేస్త్రీ పోలిక బాగానే ఉందండీ. ఆ కుర్రాడు కట్టిన గోడ పక్కింటి మీద కూలితే పూచీ ఎవరిది?

ఊరికే అడగటం లేదు. 1967 అంతరిక్ష ఒప్పందం, దాని వెనకే వచ్చిన 1972 నష్టపరిహార ఒప్పందం ప్రకారం, ఒక దేశం నుంచి ఎవరు ప్రయోగించినా, కంపెనీ అయినా సరే, బయటి దేశానికి నష్టం జరిగితే జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అణు రియాక్టరుతో సహా కెనడా ఉత్తరాన కూలింది. చివరికి సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు కట్టింది. రేపు మన కంపెనీ రాకెట్టు ఎక్కడైనా పడితే కట్టేది మీరూ నేనూ. ఆ డబ్బు కంపెనీ దగ్గర ఎలా రాబట్టాలో చెప్పే చట్టం మన దేశంలో ఇంకా రాలేదు. 2023లో వచ్చింది విధాన పత్రం, చట్టం కాదు. కానీ రాకెట్ల తయారీలోకి 49 శాతం దాకా విదేశీ పెట్టుబడి నేరుగా రావచ్చని 2024లోనే తలుపు తీశారు. ముందు తలుపు, తర్వాత తాళం అన్నట్టుంది వరస. నాకిది అస్సలు నచ్చలేదు.

తూర్పుగాలి

చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ హెచ్‌ఏఎల్ ప్రభుత్వ సంస్థే కదండీ. దాన్ని ప్రైవేటు అని భయపడటం ఎందుకు?

సర్కారు బడి

నా భయం ఒక్క హెచ్‌ఏఎల్ గురించి కాదు, మీరు వాడిన “పూర్తిగా” అనే మాట గురించి.

హ్యూస్టన్ తెలుగు

అమెరికాలో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. స్పేస్‌ఎక్స్ పేరెత్తితే ప్రైవేటు వాళ్లే అంతా చేసుకున్నారని మనవాళ్లు అనుకుంటారు. ఫాల్కన్-1 మొదటి మూడు ప్రయోగాలూ పోయాయి. 2008 సెప్టెంబరులో నాలుగోది నిలబడింది. అదే ఏడాది డిసెంబరులో నాసా అంతరిక్ష కేంద్రానికి 12 సరుకు ట్రిప్పులకు 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ సంతకం పడకపోతే ఆ కంపెనీ ఈరోజు ఉండేదా అన్నది అనుమానమే. అంటే నాసా పని వదిలేసి పక్కకు పోలేదు. మొదటి పెద్ద కస్టమరుగా నిలబడింది.

ఇంకో ఉదాహరణ కూడా చూడండి. బోయింగ్‌కూ నాసాయే డబ్బిచ్చింది. 2024 జూన్‌లో బోయింగ్ వాళ్ల క్యాప్సూల్ స్టార్‌లైనర్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వారం పది రోజుల్లో రావాల్సినవాళ్లు, 2025 మార్చి దాకా పైనే ఉండిపోయి చివరికి స్పేస్‌ఎక్స్ క్యాప్సూల్‌లో దిగారు. ఒకే పని ఇద్దరికి అప్పజెప్పారు కాబట్టి వాళ్లను తెచ్చుకోగలిగారు. ఒక్కరికే ఇచ్చి ఇస్రో చేతులు దులుపుకుంటే మనకు ఆ రెండో దారి ఉంటుందా?

అసలు చిన్న రాకెట్ల వ్యాపారమే గడ్డుది. 2021 జనవరిలో స్పేస్‌ఎక్స్ ఒకే ఫాల్కన్-9లో 143 ఉపగ్రహాలు పంపింది. ఆటోకు కట్టే డబ్బుకంటే షేర్ బస్సు చౌక అన్నట్టు, చిన్న ఉపగ్రహాల వాళ్లు చాలామంది అటే పోయారు. చిన్న రాకెట్ల కంపెనీ వర్జిన్ ఆర్బిట్ 2023 జనవరిలో ఒక ప్రయోగం పోగానే ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. మన బెంగళూరు ఉపగ్రహాల కంపెనీ పిక్సెల్ వాళ్లు కూడా 2025 జనవరిలో మొదటి మూడు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలను ఫాల్కన్ మీదే పంపారు. వాళ్లను తప్పుపట్టలేం. సీటు ఎక్కడ దొరికితే అక్కడ ఎక్కుతారు. హెచ్‌ఏఎల్ రాకెట్టు కట్టాక అందులో ఎక్కేదెవరు? ఆర్డర్లు లేకుండా టెక్నాలజీ ఒక్కటే చేతిలో పెట్టడం, వాన పడని నేలకు విత్తనాలు పంచడం లాంటిది.

బాలానగర్ లేత్

ప్రైవేటు అంటే ఏదో నిన్న మొన్న వచ్చినట్టు మాట్లాడుతున్నారు అందరూ. నేను బాలానగర్‌లో 22 ఏళ్లుగా మెషీన్ మీద నిలబడేవాణ్ణి. మా పేటలో ఎంటీఏఆర్ కంపెనీ వాళ్లు దశాబ్దాలుగా ఇస్రో రాకెట్లకు వికాస్ ఇంజిన్లు తయారుచేస్తున్నారు. కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహాల ఫ్యాక్టరీ మిధానిలో కరిగిన లోహం ఇస్రో రాకెట్లకు పోతుంది. వాళ్ల వెనక మా లాంటి చిన్న షెడ్లు ఎన్నో. పని ఎప్పుడూ బయటే జరిగింది. మారుతున్నది చేసేవాడు కాదు, చెక్ చేసేవాడు. ఆ మాట ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

ఒక్క ముక్క గురించి చెప్తాను. టైటానియం రింగు, అరచేతిలో పడుతుంది. పది మైక్రాన్లు తేడా వచ్చినా పనికిరాదు. ఆ లోహంతో చిక్కేమిటంటే వేడిని తొందరగా వదలదు. ఫైనల్ కట్ వేసి వెంటనే కొలిస్తే ఒక రీడింగ్, చల్లారాక ఇంకో రీడింగ్. అందుకని రాత్రంతా ఏసీ గదిలో పెట్టి పొద్దున కొలుస్తాం. ఒకసారి 18 రింగులు చేశాం. కొలతలన్నీ కరెక్ట్. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాయన రిపోర్టు పక్కనపెట్టి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని లోపలి అంచు వెంట గోరు తిప్పారు. పదకొండో దాని దగ్గర గోరు ఆగింది. కంటికి కనపడని గీత. మా ఓనర్ ఎంత బతిమాలినా వినలేదు. “ఇది ఎక్కడ బిగిస్తారో మీకు తెలీదు బాబూ, నాకు తెలుసు” అన్నారు. ఆ ఒక్క మాటకి మాకు నోరు లేవలేదు.

తర్వాత ఇంకోచోటి నుంచి అలాంటిదే ఆర్డరు వచ్చింది. పేరు అనవసరం. ఇన్‌స్పెక్షన్‌కి మనిషి రాలేదు. ఫొటోలు, కొలతల షీటు మెయిల్ చేయమన్నారు, చేశాం. డబ్బులు మాత్రం ఏడు నెలలకు వచ్చాయి. వాళ్ల స్పీడు నాకు నచ్చింది, అబద్ధం ఎందుకు. డ్రాయింగ్‌లో డౌటు ఉందంటే సాయంత్రానికి జవాబు వచ్చేది. ఇస్రో పనిలో అదే జవాబుకి మూడు వారాలు పట్టేది. కానీ ఆ ముక్కలు కట్టి పంపేటప్పుడు ఏదో వెలితి. టెన్షన్ అనాలేమో.

సూళ్లూరుపేట వాసి

లేత్ అన్నా, బాగా చెప్పావు.

మా ఊరి మాట కూడా చెప్పుకోవాలి. శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది 1971 అక్టోబరులో. ఆ దీవిలో అంతకుముందు యానాదులు ఉండేవాళ్లు. ఇప్పటికీ ప్రయోగం ఉందంటే చుట్టుపక్కల సముద్రంలోకి పడవ దించకూడదు. ముహూర్తం వాయిదా పడితే ఇంకో రోజు వేట పోయినట్టే. అయినా ఇది మన రాకెట్టు అని పిల్లల్ని భుజాల మీదెక్కించుకుని చూపిస్తారు. రేపు ఫలానా కంపెనీ రాకెట్టుకోసం వేట మానుకోమంటే, ఆ రోజు కూలి ఎవరిస్తారని అడగరా? అడగాలి కూడా.

ఇంకోటి. చిన్న రాకెట్లు ఎక్కువగా తమిళనాడు కులశేఖరపట్నం పోతాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడ శంకుస్థాపన అయింది. కారణం న్యాయమైనదే. ఇక్కడినుంచి ధ్రువ కక్ష్యకు, అంటే ఉత్తర దక్షిణ ధ్రువాల మీదుగా తిరిగే దారికి పంపాలంటే శ్రీలంక మీదుగా పోకుండా పక్కకు తిప్పాలి. పెద్ద రాకెట్టు తట్టుకుంటుంది, చిన్నదానికి ఆ వంపులోనే ఇంధనం అయిపోయి మోసే బరువు తగ్గుతుంది. మాకు 3,984 కోట్లతో మూడో లాంచ్‌ప్యాడ్ ఇచ్చారు, పెద్ద రాకెట్లకు. కాబట్టి మా ఊరు ఎండిపోతుందనే ప్రచారం నేను నమ్మను.

తూర్పుగాలి

ఇన్ని మాటలు విన్నాక “పూర్తిగా” అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అప్పజెప్పాలనే ఇప్పటికీ అంటాను. హైదరాబాద్ రాకెట్ల కంపెనీ స్కైరూట్‌ను చూడండి. ఇస్రో నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లు 2018లో మొదలుపెట్టారు. 2022 నవంబరు 18న వాళ్ల రాకెట్టు విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచే 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అలాంటివాళ్లకు దారి మూసేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు కదా. హ్యూస్టన్ గారు చెప్పినట్టు ఏడాదికి ఇన్ని ప్రయోగాలు మేమే కొంటామని ప్రభుత్వం ముందే రాసివ్వాలి. 2024 అక్టోబరులో స్పేస్ స్టార్టప్‌లకు 1,000 కోట్ల నిధి ప్రకటించారు. మంచిదే, కానీ పెట్టుబడి వేరు, ఆర్డరు వేరు.

సర్కారు బడి

నాది ఒక షరతు. ఏ రాకెట్టు పోయినా, ఇస్రోదైనా కంపెనీదైనా, విచారణ రిపోర్టు బయటపెట్టాలి. 2025 మేలో పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో పీడనం పడిపోయి పోయింది. ఆ రిపోర్టు జనానికి చూపించకుండానే 2026 జనవరి 12న సీ62 ఎగిరింది. మళ్లీ మూడో దశలోనే తేడా. ఈసారి హైదరాబాద్ ధ్రువ స్పేస్ వాళ్ల ఉపగ్రహాలూ దాంతోపాటే పోయాయి. డబ్బు కట్టి సీటు కొనుక్కున్నవాడికి ముందటి బస్సు ఎందుకు బోల్తా పడిందో తెలుసుకునే హక్కు లేదా? ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం పోయినప్పుడు ఇదే ఇస్రో, రెండో దశ విడిపోయేటప్పటి కుదుపుకి వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు తప్పు లెక్క చూపించాయని వివరంగా చెప్పింది. ఆరు నెలల్లో సరిచేసి మళ్లీ ఎగరేసింది. అప్పుడు చేసింది ఇప్పుడెందుకు చేయరు? సొంత ఇంట్లోనే దాచిపెట్టే అలవాటు మొదలైతే, రేపు కంపెనీని చూపించమని ఏ నోటితో అడుగుతారు?

హ్యూస్టన్ తెలుగు

ఈ షరతుకి నా మద్దతు ఉంది. ఇక్కడ ప్రయోగం తేడా వస్తే విచారణను ఇక్కడి ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పర్యవేక్షిస్తుంది, అది ఒప్పుకునేదాకా మళ్లీ ఎగరనివ్వదు. మనకు ఆ పని, ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్‌కే అప్పజెప్పొచ్చు. కానీ అదే సంస్థ కంపెనీలను ప్రోత్సహించాలి, అదే పట్టి ఆపాలి. ఆ రెండూ ఒకే చేతిలో ఉండటం నాకు ఇబ్బందిగానే ఉంది.

తూర్పుగాలి

లేత్ అన్నా, ఒక్కటి అడగాలి. హెచ్‌ఏఎల్‌కి నేర్పే రెండేళ్లలో మీ పెద్దాయన లాంటివాళ్ల ఆ గోరు పని కూడా నేర్పగలరంటావా? అది కాగితం మీద రాసిచ్చేది కాదు కదా.

బాలానగర్ లేత్

రెండేళ్లు చాలు తమ్ముడూ, మనుషుల్ని పక్కపక్కన నిలబెడితే. ఫైళ్లు మాత్రమే చేతులు మారితే ఇరవై ఏళ్లయినా రాదు. పెద్దాయన రిటైరయ్యారు. ఆ పదకొండో రింగు మా సొంత మెటీరియల్‌తో చేసింది కాబట్టి నా దగ్గరే ఉండిపోయింది. షెడ్లో కొత్త కుర్రాడు చేరితే మొదటిరోజు మెషీన్ ముట్టుకోనివ్వను. ఆ రింగు చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని గీత ఎక్కడుందో వెతకమంటాను. మొన్న చేరిన పిల్లాడికి గంటన్నర పట్టింది.