కొట్టంలో ఉన్న పాత స్టాండర్డ్ కారు: హెరాల్డా, గజెలా?

ప్రశ్న:
మొన్న తెనాలి దగ్గర మా బంధువుల ఊళ్లో, ధాన్యం కొట్టంలో టార్పాలిన్ కప్పి ఉంచిన నాలుగు తలుపుల చిన్న కారును చూశాను. వెనక ‘స్టాండర్డ్’ అన్న అక్షరాలున్నాయి గాని, మోడల్ పేరు ఉండవలసిన చోట రెండు రంధ్రాలు మాత్రమే మిగిలాయి. తన తండ్రిగారు మద్రాసులో కొన్న హెరాల్డ్ అని యజమాని అంటుండగా, వారబ్బాయి గజెల్ అని పట్టుబడుతున్నాడు. దీన్ని ఎలా తేల్చాలి? కొనదలిస్తే ముందుగా ఏమి చూడాలి?

సమాధానం 1:
తలుపులను బట్టి తేలదండీ. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ కారుకు రెండు తలుపులే అయినా, 1961 నుంచి దాన్ని తయారుచేసిన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ తర్వాత నాలుగు తలుపులతోనూ అమ్మింది. అసలు తేడా వెనక ఇరుసులో ఉంది. హెరాల్డ్‌లో ఒక్కో చక్రం విడిగా ఊగుతుంది కనుక, వెనక భాగాన్ని జాకీతో ఎత్తితే చక్రాల అడుగు లోపలికి ముడుచుకుంటుంది. మన మెకానిక్కులకు ఆ ఏర్పాటు అంతగా నచ్చలేదు; 1972లో వచ్చిన గజెల్‌కు మామూలు ఒకే ముక్క ఇరుసు వేశారు, దాని చక్రాలు నిటారుగానే ఉంటాయి. రెండింటి ఇంజనూ 948 సీసీదే. గజెల్ 1977 వరకు, అదీ కొద్ది సంఖ్యలోనే తయారైంది కాబట్టి, అబ్బాయి మాటే నిజమైతే మరింత అరుదైన బండి దొరికినట్లే.

సమాధానం 2:
రంగు సంగతి తర్వాత చూడవచ్చు. దీని బాడీ విడి ఛాసీ మీద బోల్టులతో బిగించి ఉంటుంది కనుక, పైన ఎంత నిగనిగలాడినా, కింద ఛాసీని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తుప్పు ఎంతవరకు తిన్నదో చూడండి. ముందు చక్రాల దగ్గర నిలువు కడ్డీ అడుగు భాగం, ట్రునియన్ అనే ఇత్తడి ముక్కలోకి స్క్రూలాగా దిగి ఉంటుంది. అందులో గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టించాలి. ఆయిల్ అందక నీరు చేరితే కడ్డీ తుప్పు పట్టి విరుగుతుంది, మలుపులో చక్రమే పక్కకు ఒరిగిపోతుంది. ఆ రెండు ట్రునియన్లూ విప్పి చూడకుండా ఇంజను స్టార్టయిందన్న సంబరంతో రోడ్డెక్కవద్దు.

సమాధానం 3:
కాగితాలు మరవకండి. ఆర్‌సీ తండ్రిగారి పేరనే ఉంటే, ముందు వారసుల పేరుకు మార్పించిన తర్వాతే బయానా ఇవ్వండి. యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని వాహనాలకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్తగా చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ రిజిస్ట్రేషన్‌తో ర్యాలీలకు, ప్రదర్శనలకు తీసుకెళ్లవచ్చు గాని, రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న జాకీ పెట్టించాము, చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి; పెద్దాయన మాటే నెగ్గింది. ట్రునియన్లు ఇంకా విప్పలేదు, ఆర్‌సీ కోసం బీరువా వెతుకుతున్నారు.