ఒక్క ఓటుతో పడిన ప్రభుత్వం: 1999 మధ్యంతర ఎన్నికల తప్పెవరిది?

పాతపేపరు: జమిలి ఎన్నికల బిల్లు మీద చర్చ చూస్తుంటే 1999 గుర్తొస్తోంది. జయలలిత మద్దతు ఉపసంహరించారు, ఏప్రిల్ 17న వాజ్‌పేయి విశ్వాస తీర్మానం 269–270తో వీగిపోయింది. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ ఢిల్లీ వచ్చి ఓటేయడం అన్యాయం. దేశం నెత్తిన ఎన్నికలు రుద్దారు.

లాపాయింటు: అన్యాయం ఎలా అవుతుందండీ? ఆయన కోరాపుట్ ఎంపీగా రాజీనామా చేయలేదు. ఎమ్మెల్యే కాకపోయినా ఆరు నెలలు సీఎంగా ఉండొచ్చు. స్పీకర్ బాలయోగి గారు కూడా ఆయన మనస్సాక్షికే వదిలేశారు.

పాతపేపరు: రూలు నేనడగలేదు. గమాంగ్ ఆగి ఉంటే 269–269. నిర్ణాయక ఓటు స్పీకర్‌ది. ఆయనది టీడీపీ, ఆ పార్టీ ప్రభుత్వం వైపే ఉంది. లెక్క మీరే వేసుకోండి.

గోదారిగట్టు: నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ సొంత పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారుగా? ఎప్పుడూ గమాంగ్ ఒక్కడేనా?

పంతులుగారు: మీకు లెక్కలు, మాకు చాకిరీ. 98లో డ్యూటీ, రెండేళ్లు తిరక్కుండా 99లో మళ్లీ డ్యూటీ. లోక్‌సభ తెల్ల బ్యాలెట్, అసెంబ్లీ గులాబీ బ్యాలెట్ వేరు చేసి, పెట్టెలకు లక్క సీలు వేసి, అప్పగించడానికి తెల్లారేదాకా లైన్లో నిలబడ్డాం. ఆ టీఏ ఇప్పటికీ రాలేదు.

లాపాయింటు: మాస్టారూ, మన అసెంబ్లీ గడువు ఎలాగూ దగ్గరపడింది. ఆ డ్యూటీ తప్పేది కాదు.

పంతులుగారు: ఒక్క రాత్రి బూత్‌లో పడుకుని మాట్లాడండి సార్.

పాతపేపరు: ఆయనకెందుకు అర్థమవుతుంది! ఏ పార్టీయో తెలుస్తూనే ఉంది.

లాపాయింటు: పార్టీ అంటగట్టకండి. సూటిగా అడుగుతున్నా. సమాజ్‌వాదీ నేత ములాయం కాదనడంతో సోనియా 272 మంది ఎంపీల మద్దతు చూపలేకపోయారు. ఇక జనం దగ్గరికి కాక ఎక్కడికి వెళ్లాలి?

పాతపేపరు: వెళ్లమనండి. మళ్లీ ఐదేళ్లు దేనికి? కొత్త బిల్లులో ఉన్నట్టు మిగిలిన కాలానికే ఎన్నుకుంటే సరి. అప్పుడు పడగొట్టే ముందు వెనకా ముందూ చూస్తారు.

లాపాయింటు: ఇదీ అసలు గొడవ! మీ లెక్కన 1999లో గెలిచిన సభ 2003 మార్చికే ఇంటికెళ్లాలి. పొత్తులు విరగ్గొట్టింది నాయకులు, కోత పడేది నా ఓటుకా?

పాతపేపరు: జర్మనీలోలా కొత్త నాయకుణ్ని ఎన్నుకున్నాకే పాతవాణ్ని దించాలి.

లాపాయింటు: ఆ రూలు అవిశ్వాస తీర్మానానికి. 1999లో వచ్చింది అవిశ్వాసం కాదు. రాష్ట్రపతి నారాయణన్ అడిగితే ప్రభుత్వమే పెట్టిన విశ్వాస తీర్మానం. జర్మనీలో కూటమి చెదిరాక అప్పటి చాన్సలర్ షోల్జ్ కూడా 2024 డిసెంబరులో విశ్వాస పరీక్షలో ఓడి, ఫిబ్రవరిలో ఎన్నికలకు వెళ్లారు. అక్కడ కొత్త సభకు నాలుగేళ్లూ పూర్తిగా ఇచ్చారు. మిగిలిన కాలం అనలేదు.