సెకండ్ హ్యాండ్ గేర్ సెట్టు కొనవచ్చా? చైను, క్యాసెట్‌తో సహా?

పాలకొల్లు రైడర్

అందరికీ నమస్కారమండి. నా హైబ్రిడ్ సైకిల్‌కి ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు. ఆరేళ్లుగా అదే చైను, అదే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి). ఇప్పుడు గట్టిగా తొక్కితే చాలు, టక్కుమని చైను ఒక పన్ను దాటేస్తోంది. భీమవరంలో ఒకాయన తన ఎమ్‌టీబీ (కొండదారుల సైకిల్) నుంచి విప్పిన షిమానో కంపెనీ 10 స్పీడ్, అంటే వెనక పది గేర్ల సెట్టు అమ్ముతున్నారు. షిఫ్టర్ (గేరు మార్చే మీట), చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డిరైలర్, ఒకే పళ్ల చక్రం ఉన్న క్రాంక్ (పెడళ్లు బిగించే చేతులు), క్యాసెట్, చైను అన్నీ కలిపి 6,500 అన్నారు. ఫొటోల్లో క్యాసెట్ మెరుస్తోంది. ఇంట్లో మాత్రం "పాతదానికి ఇంకో పాతది తగిలించడం దేనికి" అంటున్నారు. కొననా, మాననా?

కాలువగట్టు

వద్దండి. ఆ పని చేసి నేను దెబ్బతిన్నాను. వాడిన క్యాసెట్ ఒకటి కొని దానికి కొత్త చైను వేశాను. ఇంటి ముందు తిప్పి చూస్తే ఏ చప్పుడూ లేదు. చించినాడ వంతెన ఎక్కుతూ సీటు మీంచి లేచి తొక్కేసరికి చైను జారింది. మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనకే లారీ. పడలేదు గానీ, ఆ వంతెన మీద ఇప్పటికీ టెన్షనే.

చైను సాగిందని అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. లింకులను కలిపే పిన్నులు, అవి కూర్చునే గూళ్లు అరుగుతాయి. ఒక్కో లింకు దగ్గర పెరిగే సందు కంటికి కనపడనంత చిన్నది. వంద లింకుల్లో అదే కలిస్తే చైను పొడుగవుతుంది. అలా పొడుగైన చైనుతోనే తొక్కుతూ పోతే క్యాసెట్ పళ్లు కూడా దానికి తగ్గట్టు అరుగుతాయి. తర్వాత కొత్త చైను వేస్తే ఆ పళ్ల మీద కూర్చోదు. వాడిన క్యాసెట్ అంటే వాళ్ల చైనుకు అలవాటు పడిన పళ్లు. మీరు కొనేది ఆ అరుగుదలనే.

లంకల సైకిల్

అన్నా, నీకు దెబ్బ తగిలిన మాట నిజమే. అంతమాత్రాన పాతవన్నీ పనికిరావంటే ఒప్పుకోను. నేను రొయ్యల చెరువు దగ్గర పని చేస్తాను. రోజూ పోను పద్నాలుగు, రాను పద్నాలుగు కిలోమీటర్లు. నా సైకిల్‌లో సగం సామాను పాతదే. కొత్తవే కొనాలంటే నాలాంటి వాడు సైకిల్ మానుకోవాలి. షిఫ్టర్, డిరైలర్ సరిగా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉంటాయి. నాదీ 10 స్పీడే. డిరైలర్ వదులైపోయి ఇప్పుడు నేనూ వెతుకుతున్నాను.

పైగా మనది పల్లపు ప్రాంతం. వంతెనలు తప్ప ఎక్కడా ఎత్తు లేదు. ఎత్తు ఎక్కడానికి వాడే పెద్ద పళ్ల చక్రాలు ఎవరూ వాడరు. క్యాసెట్ అంత తొందరగా ఎందుకు అరుగుతుంది?

కాలువగట్టు

అక్కడే మోసపోతాం తమ్ముడూ. పెద్ద చక్రాలు వాడరు కాబట్టే అవి మెరుస్తుంటాయి. ఫొటోలో ముందు కనపడేవి అవే. ఎదురుగాలికి రోజంతా తొక్కేది మధ్యలోని రెండు మూడు చక్రాల మీద. అరుగుదలంతా అక్కడే ఉంటుంది. ఒక్కో చక్రం పన్ను దగ్గరగా చూడాలి. రెండు వైపులా సమానంగా ఉండాల్సిన పన్ను ఒక పక్కకు వంగి కొక్కెంలా ఉంటే పోయినట్టే.

రావులపాలెం మెకానిక్

ఇద్దరి మాటా విన్నాను. ఇరవై ఏళ్లుగా సైకిళ్లు విప్పుతున్న చేతులతో రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

ముందుగా, ఆ సెట్టు మీ చక్రానికి ఎక్కుతుందా? చవక గేరు సైకిళ్లలో, ముఖ్యంగా 7 గేర్ల వాటిలో, క్యాసెట్ ఉండదు. మర బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. వెనక చక్రం విప్పి పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. స్పానర్ పట్టే గాడి వాటితో పాటు తిరిగితే క్యాసెట్. కదలకుండా ఉంటే ఫ్రీవీల్, దాని మీద 10 స్పీడ్ క్యాసెట్ ఎక్కదు. క్యాసెటే అయితే భయం లేదు, షిమానో 8, 9, 10 స్పీడ్‌లకు హబ్ (చక్రం నడుమ భాగం) మీద గాడులు ఒకటే.

రెండోది, విడిగా కొంటే చిక్కు. షిమానో ఎమ్‌టీబీ 10 స్పీడ్ డిరైలర్ కేబుల్ లాగే లెక్క పాత 8, 9 స్పీడ్ కంటే వేరు. మీ 8 స్పీడ్ షిఫ్టర్‌తో దాన్ని కలిపితే గేరు కుదురుకోదు. షిఫ్టరూ డిరైలరూ జతగానే తీసుకోవాలి.

చైను మాత్రం ఎవరి దగ్గరా పాతది కొనకండి. క్యాసెట్ కొనే ముందు దాని మీద తిరిగిన చైనునే కొలవండి. స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను నడుమ నుంచి 24 లింకుల అవతలి పిన్ను నడుమకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే వేళ వచ్చినట్టు. ఎనిమిదో వంతు పెరిగితే క్యాసెట్ మీద కూడా ఆశ వదులుకోవాలి. అమ్మేవాళ్లు చైను పారేశామంటే ఆ క్యాసెట్‌కు రూపాయి కూడా పెట్టకండి.

క్రాంక్ విషయంలో నా భయం సముద్రపు ఉప్పు గాలి. నర్సాపురం, అంతర్వేది వైపు సైకిళ్లలో పెడల్ క్రాంక్‌లోనే బిగుసుకుపోతుంది. మీ ఎదుటే పెడళ్లు విప్పమనండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, అది తెలియక బలంగా తిప్పి మర పాడుచేసినవాళ్లు ఉన్నారు. విప్పలేకపోతే కొనకండి. నీళ్లలో మునిగిన సామానైతే అసలు ముట్టుకోకండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మునిగిన సైకిళ్లు నా దగ్గరకు చాలా వచ్చాయి. పైకి తుడిస్తే కొత్తవే. బేరింగుల్లో మాత్రం ఒండ్రు, తిప్పితే గరగర.

రోడ్ సైకిల్ వాళ్లకు ఒక మాట. 2019 జులైకి ముందు తయారైన షిమానో 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకుల్లో రెండు ముక్కలు అతికించి చేసినవి విడిపోతున్నాయని 2023లో ఆ కంపెనీయే తనిఖీకి పిలిచింది. పాతది కొంటుంటే తయారీ తేదీ కోడ్ తప్పక చూడండి.

ఇంతా రాసి, పాలకొల్లు అబ్బాయిని ఒకటి అడగాలి. బాబూ, నీ సైకిల్‌కి వచ్చిన జబ్బు చైను జారడమేగా? షిఫ్టర్, డిరైలర్ బాగానే ఉన్నాయి కదా? 8 స్పీడ్‌కి కొత్త చైను, కొత్త క్యాసెట్ మా షాపులో రెండు వేల చిల్లర. ఈ గట్ల మీద తొక్కడానికి వెనక పది చక్రాలు నీకెందుకు?

పాలకొల్లు రైడర్

మీరడిగేదాకా ఆ ఆలోచనే రాలేదండి. నిన్న భీమవరం వెళ్లాను. కొలిస్తే చైను ఎనిమిదో వంతుకు దగ్గరగా పెరిగింది, క్యాసెట్ మధ్య చక్రాలు కొక్కేల్లా ఉన్నాయి. ఆయన మంచి మనిషే, ఎప్పుడూ కొలిచి చూడలేదట. క్రాంక్ మాత్రం గట్టిగా ఉంది, పెడళ్లు తేలిగ్గా వచ్చాయి. షిఫ్టర్‌లో పది గేర్లూ పడుతున్నాయి. అయినా నేను కొత్త 8 స్పీడ్ చైను, క్యాసెట్‌కే వెళ్తున్నాను.

కాలువగట్టు

మంచి పని. పాత చైనుతో కలిసి తిరిగిన ముందు పళ్ల చక్రాలు కూడా ఒకసారి చూపించండి, ముఖ్యంగా మధ్యది.

లంకల సైకిల్

ఆయ్, అయితే మిగతావి నాకు పనికొస్తాయి. చైను, క్యాసెట్ పక్కన పెట్టి షిఫ్టర్, డిరైలర్ మాత్రం 2,500కి ఇస్తారేమో అడుగుతాను. మెకానిక్ గారూ, డిరైలర్‌లో ఏం చూడాలి?

రావులపాలెం మెకానిక్

చైను తిరిగే రెండు చిన్న చక్రాలున్న భాగాన్ని కింద పట్టుకుని పక్కలకు ఊపు. గూడు దగ్గర లొడలొడలాడితే వదిలెయ్. ఆ చిన్న చక్రాలు అరిగితే పరవాలేదు, కొత్తవి దొరుకుతాయి. ఎక్కడైనా నేలకు గీసుకుని వంగిందేమో వెనక నుంచి నిలబడి చూడు.

లంకల సైకిల్

సరేనండి. ఆదివారం పని లేదు, పొద్దున్నే బయల్దేరతాను. స్కేలు కూడా తీసుకెళ్తాను, నా చైను కూడా కొలుచుకుంటాను.